కొంగకి యాక్షన్ చెప్పలేం

ఏ కెమెరా కొనమంటారండీ అని అడిగే కుర్రాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చేతిలో ఉన్న ఫోను చూపించి ‘ఇది చాలదా నాయనా’ అంటే నమ్మరు. లెన్సుల పేర్లూ సెన్సార్ల కొలతలూ నాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఏం తీస్తావని అడిగితే మాత్రం ‘సినిమాటిక్‌గా రావాలండీ’ అంటారు. దానికి నా దగ్గర ఒకటే జవాబు. కొనుగోలు సంగతి తర్వాత చూద్దాం, ముందు తెల్లవారేసరికి పిట్టలు వాలే మా సరస్సు, కొండకర్ల ఆవ గట్టు మీద ఉండు.

అనకాపల్లిలో పుట్టి కెమెరా నేర్చుకోవాలనుకునేవాడికి ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దూరమే గాని పాఠాలు దూరం కాదు. ఊరిని ఆనుకునే శారదా నది. కాస్త దూరం వెళ్తే శంకరం దగ్గర బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండ. ఇటు పూడిమడక, ముత్యాలమ్మపాలెం తీరాలు. అటు మాడుగుల వైపు తిరిగితే తూర్పు కనుమలు. కాల్షీట్లు లేవు, లైట్ల అద్దె లేదు, మేకప్ అసలే లేదు. అయినా ఇంతకంటే కష్టమైన సెట్టు నాకు తెలీదు. ఇక్కడ ఎవరూ మన మాట వినరు. కొంగకి యాక్షన్ చెప్పలేం, కట్ చెప్పలేం. అది వచ్చినప్పుడు మనం సిద్ధంగా ఉండాలి, అంతే. స్నేహితుణ్ణి నిలబెట్టి షార్ట్ ఫిల్మ్ తీసేవాడు పదోసారి కూడా ‘ఇంకొక్కసారి రా’ అనగలడు గనక షాటు గురించి ముందుగా ఆలోచించడు. పిట్టని తీసేవాడు ముందే ఆలోచించుకోవాలి. ఏ షాటు పక్కన ఏ షాటు పడుతుందో బటన్ నొక్కక ముందే మనసులో ఉండాలి. ఎడిటింగ్ అసలు అక్కడే మొదలవుతుందని నా నమ్మకం.

కొండకర్ల ఆవలో దోనె ఎక్కి చూడండి. తాటిమానుల్ని తొలిచి, రెండేసి జతకట్టి చేసిన దోనెలవి. కూర్చున్నవాడు కొంచెం కదిలినా దోనె కదులుతుంది, దోనెతో పాటు ఫ్రేమూ కదులుతుంది. కొత్తగా ఎక్కినవాళ్లందరూ చేసే పని ఒకటుంది. కెమెరా ఆన్ చేసి కొండలు, తామరాకులు, నీటికాకి, పక్క దోనెలో వాళ్లు, మళ్లీ కొండలు అన్నీ ఒకే షాటులో గిర్రున తిప్పేస్తారు. ఒకసారి మా దోనె నడుపుతున్న పెద్దాయన ఇది చూసి ఉండబట్టలేక అన్నాడు: ‘ఏటి బాబూ, అలా తిప్పేస్తే పిట్టేటి కనబడతాది? ఒక దగ్గిర పట్టుకోండి. అదే వొస్తాది.’

కెమెరా పుస్తకాలు అధ్యాయాలకి అధ్యాయాలు చెప్పేది ఆయన రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఫ్రేమ్ కట్టు, ఆపు, ఎదురుచూడు. కనీసం పది సెకన్లు చెయ్యి కదపకు. పిట్ట ఫ్రేములోకి రానీ, దాని పని చేసుకోనీ, వెళ్లిపోనీ. వెళ్లిపోయాక కూడా ఖాళీ నీటిని ఇంకో రెండు మూడు సెకన్లు తీసి ఉంచు. ఆ ఖాళీ విలువ ఎడిటింగ్ టేబుల్ దగ్గర తెలుస్తుంది. పిట్ట ఫ్రేము దాటి వెళ్లిపోయిందంటే తర్వాతి షాటులో దాన్ని ఎక్కడైనా చూపించొచ్చు. పక్క కొమ్మ మీదా, ఆవ అవతలా, మర్నాటి పొద్దునా. పిట్ట ఇంకా ఫ్రేము మధ్యలో ఉండగానే కట్ చేసి, మరోచోట వాలినట్టు చూపిస్తే చూసేవాడి కన్ను తట్టుకుని పడుతుంది. దాన్నే జంప్ కట్ అంటారు. కావాలని వాడితే అదో అందం, చేతకాక పడితే మాత్రం దాచలేం.

కెమెరా తిప్పకూడదని కాదు. ప్యాన్ చేస్తే మొదట ఆగాలి, తర్వాత కదలాలి, చివర మళ్లీ ఆగాలి. మొదటా చివరా ఆగని ప్యాన్‌ని దేని పక్కనా అతకలేం. ఇంకో మాట, ప్యాన్ ఎక్కడ ముగుస్తుందో అక్కడ చూడదగ్గది ఏదో ఉండాలి. కొండ మీద మొదలుపెట్టి, ఆవ అంతా చుట్టి, చివరికి గట్టు మీద చిప్స్ కవరు దగ్గర ఆగే ప్యాన్లు ఎన్నో చూశాను. ప్లాస్టిక్ మీద డాక్యుమెంటరీ తీస్తుంటే సరేగాని, ఆవ అందం చూపిస్తానని బయల్దేరినవాడికి అది ముగింపు కాదు.

వైడ్ షాటు దగ్గర కూడా చాలామంది మోసపోతారు. కంటికి అంత బ్రహ్మాండంగా కనబడ్డ నీరు ఫోనులో పల్చటి గీతలా పడుతుంది. కన్ను లోతుని చూస్తుంది, లెన్సుకి ఆ లోతు మనం ఇవ్వాలి. దోనె కొసనో, దగ్గరున్న తామరాకునో ముందు పెట్టి, మధ్యలో నీరు, వెనక కొండ వచ్చేలా ఫ్రేమ్ కడితే మూడు పొరలు ఏర్పడతాయి. అప్పుడు ఆవ ఎంత పెద్దదో తెలుస్తుంది.

దిక్కు సంగతి ఇంకా చిక్కైనది. దోనె ఈ ఒడ్డు పక్క ఉన్నప్పుడు కొంగ ఎడమ నుంచి కుడికి ఎగిరింది. చుట్టు తిరిగి ఆ ఒడ్డు వైపు నుంచి తీస్తే, అదే కొంగ అదే దిక్కుకి పోతున్నా తెర మీద కుడి నుంచి ఎడమకి పోతుంది. రెంటినీ పక్కపక్కన అతికిస్తే కొంగ వెనక్కి తిరిగిందని చూసేవాడు అనుకుంటాడు. నూట ఎనభై డిగ్రీల గీత దాటకూడదని సినిమావాళ్లు చెప్పేది దీని గురించే. స్టూడియోలో ఆ గీత ఇద్దరు నటుల మధ్య ఉంటుంది, ఊహించుకోవడం తేలిక. నీటి మీద, నువ్వూ కదులుతూ అవతలిదీ కదులుతున్నప్పుడు దాన్ని మనసులో పెట్టుకోవడమే సాధన. దాటక తప్పకపోతే మధ్యలో ఒక తటస్థమైన షాటు కావాలి. కొంగ తిన్నగా మన మీదికి వస్తున్నదో, ఉత్త ఆకాశమో, నీటి మీద తెడ్డు పడుతున్నదో. అలాంటివి ఎప్పుడూ కొన్ని అదనంగా తీసి దాచుకోవాలి.

పిట్ట గురించి తెలిసినవాడికి కెమెరా పని సగం తగ్గుతుంది. నలుపు తెలుపు లకుముకి దూకే ముందు నీటి మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది. అది మనకి ముందస్తు కబురు. ఆ కాసేపట్లో ఫోకస్ సరిచేసుకుని, ఫ్రేములో కింద నీటికి చోటు వదిలిపెట్టినవాడికి దూకుడు దొరుకుతుంది. పిట్టనే నడిమధ్య బిగించి పట్టుకున్నవాడికి ఖాళీ ఆకాశం మిగులుతుంది. తెల్లకొంగతో తంటా వేరు. మిట్టమధ్యాహ్నం ఫోను దాన్ని సున్నం ముద్ద చేసేస్తుంది, ఒక్క ఈకా కనబడదు. తెర మీద కొంగని నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి కాస్త తగ్గించుకోవాలి. వెనక నీరు నల్లబడినా ఫరవాలేదు, ఈకలు ముఖ్యం.

స్లో మోషన్ గురించి ఒక్క మాట, కొంచెం కోపంగానే. సెకనుకి 120 ఫ్రేములు తీసి 24తో చూపిస్తే కదలిక అయిదు రెట్లు నెమ్మదిస్తుంది. లకుముకి దూకుడికి అది అవసరం, లేకపోతే కంటికి అందదు. కాని కొంగ ఎగరడానికి సహజంగానే ఒక తీరిక ఉంది. దాన్నీ సాగదీసి, వెనక వేణువు పెట్టి పెళ్లి వీడియో చేసేస్తున్నారు.

వెలుగు నేర్చుకోవడానికి బొజ్జన్నకొండని మించిన బడి లేదు. పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రియా 1906లో తవ్వకాలు మొదలుపెట్టినప్పటి నుంచి చరిత్రకారులు ఆ కొండకి వస్తూనే ఉన్నారు. కెమెరావాళ్లూ రావాలి. పక్కనున్న లింగాలకొండ మీద రాతినే తొలిచిన స్తూపాలు వరసలుగా ఉన్నాయి. అవి కదలవు, కదిలేది వెలుగొక్కటే. పొద్దున్నే ఏటవాలు ఎండలో ప్రతి స్తూపం గుండ్రతనమూ విడివిడిగా తెలుస్తుంది. పన్నెండింటికి వెళ్తే అవే రాళ్లు చదునుగా, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఒకే ఫ్రేము ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం తీసి పక్కపక్కన పెట్టుకుంటే చాలు, లైటింగ్ మీద వేరే క్లాసు అక్కర్లేదు. రక్షిత స్థలం గనక ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి తీసుకుని పెట్టండి.

సముద్రం దగ్గర కూడా దిక్కు మర్చిపోకూడదు. మనది తూర్పు తీరం. పొద్దున్న పూడిమడకలో సముద్రం వైపు చూస్తే సూర్యుడు కెమెరాకి ఎదురుగా ఉంటాడు. పడవలు నల్లటి నీడలుగా, అలల అంచులు మెరుస్తూ వస్తాయి. సాయంత్రం సూర్యుడు వెనకనుంచి కాస్తాడు. అప్పుడు వేటకి వెళ్లొచ్చినవాళ్ల ముఖాలు, వలల రంగులు తీయాలి. ఏ పూట ఏ షాటుకి పనికొస్తుందో తెలుసుకోవడం మంచి లెన్సు కొన్నంత పని.

‘మాయాబజార్’ (1957)కి వెన్నెల కాయించిన కెమెరామన్ మార్కస్ బార్ట్లీ, ఎనిమిదేళ్ల తర్వాత మలయాళ ‘చెమ్మీన్’ కోసం కేరళ కడలి ముందు నిలబడ్డాడు. స్టూడియోలో చంద్రుణ్ణి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకున్న మనిషికి ఇక్కడ ఒక్క అల కూడా చెప్పినట్టు వినలేదు. అయినా ఆ సినిమాలో సముద్రం ఒక పాత్ర అయిందంటే, కెమెరా ఎంత ఓపిక పట్టిందో, ఎడిటింగ్ చేసిన హృషీకేశ్ ముఖర్జీ ఏది ఉంచాలో ఎంత తెలిసినవాడో చూడండి. మన పక్క కథ చెప్పాలంటే ‘అల్లూరి సీతారామరాజు’ ఉండనే ఉంది. 1974లో వచ్చిన ఆ సినిమా తెలుగులో తొలి సినిమాస్కోప్. వి.ఎస్.ఆర్. స్వామి కెమెరాతో నర్సీపట్నం దాటి చింతపల్లి అడవులు ఎక్కారు. అంత వెడల్పు తెర మీద కొండ వరసలు, వాటి ముందు నడిచే మనుషులు ఎలా అమరారో చూసినవాడికి ఫోనుని అడ్డంగా పట్టుకోవాలని ఎవరూ చెప్పక్కర్లేదు. నిలువు ఫ్రేముని తిట్టేవాళ్లలో నేను లేను. తాటిచెట్టుకి, జలపాతానికి, ఒంటికాలి మీద నిలబడ్డ కొంగకి అదే బాగుంటుంది. ఆవకి, సముద్రానికి మాత్రం అడ్డ ఫ్రేమే న్యాయం.

ప్రకృతిలో కంటిన్యుటీ మన చేతిలో ఉండదు. నాకు తెలిసిన ఒక కుర్రాడు చెరకు తోట మీద చిన్న వీడియో మొదలుపెట్టాడు. ఆదివారం వైడ్ షాట్లు తీశాడు, క్లోజప్‌లు వచ్చే ఆదివారం తీద్దామనుకున్నాడు. వెళ్లేసరికి తోట నరికేశారు. వాడు దిగులుపడితే సత్యజిత్ రాయ్ కథ చెప్పాను. ‘పథేర్ పాంచాలి’లో అక్కాతమ్ముళ్లు రైలు చూడ్డానికి పరుగెత్తే రెల్లుపూల పొలం అందరికీ గుర్తుండే ఉంటుంది. 1952 అక్టోబర్‌లో రాయ్ షూటింగ్ మొదలుపెట్టింది అక్కడే. వారం తిరిగి వెళ్లేసరికి పూలన్నీ పశువులు మేసేశాయి. మిగిలిన భాగం కోసం మళ్లీ పూసేదాకా, అంటే మరుసటి ఏడాది దాకా ఆగాడు. కెమెరా పట్టిన సుబ్రత మిత్రా అప్పటికి సినిమా కెమెరా ముట్టుకోని కుర్రాడు. చెరకు కుర్రాడు వచ్చే పంటదాకా ఆగుతాడో లేదో తెలీదు గాని, ఇప్పుడు ఎక్కడికెళ్లినా వైడ్ తీసిన వెంటనే మిడ్ షాటూ క్లోజప్పూ తీసేసుకుంటున్నాడు.

అందుకే కొత్తవాళ్లకి నేను చెప్పే వరస వేరు. పిట్టలతో మొదలుపెట్టొద్దు. ముందు బెల్లం వండే చోటికి వెళ్లండి. చెరకు గానుగలో పడుతుంది, రసం పెనంలోకి వస్తుంది, కింద పిప్పి మండుతుంది, మడ్డి తీస్తారు, పాకం పొంగుతుంది, దిమ్మలు కడతారు. దీనికి మొదలు, నడుమ, తుది ఉన్నాయి. పైగా ఒక పెనం దిగాక ఇంకో పెనం ఎక్కుతుంది. మొదటి పెనానికి వైడ్ తీసి, రెండో దానికి చేతుల క్లోజప్ తీసి, మూడో దానికి ఆవిరి వెనకనుంచి వెలుగు పడేలా తీస్తే, మూడూ కలిపి ఒకే పెనంలా కూర్చొచ్చు. చెయ్యి గరిట తిప్పుతుండగా వైడ్ నుంచి క్లోజప్‌కి కట్ చేస్తే అతుకు కనబడదు, కదలికే దాన్ని దాచేస్తుంది. అది చేతికి వచ్చాక సముద్రం దగ్గరికి వెళ్లండి. అలలు మళ్లీ మళ్లీ వస్తాయి, కాని ఒకటి ఇంకోటిలా ఉండదు. ఆ తర్వాత ఆవకి రండి. అక్కడ రెండో అవకాశం ఉండదు.

ఎడిటింగ్ బల్ల మీదికి వచ్చేసరికి అసలు ప్రశ్న ఎదురవుతుంది. లకుముకి కొమ్మ మీద కూర్చుని చూస్తోంది. నీటిలో చేప కదిలింది. లకుముకి దూకింది. నీళ్లు చిందాయి. ఈ నాలుగు షాట్లూ నాలుగు వేర్వేరు పొద్దుల్లో, బహుశా నాలుగు వేర్వేరు పిట్టలవి. వందేళ్ల కిందట రష్యాలో దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒకే నటుడి ముఖాన్ని సూప్ గిన్నె పక్కన, శవపేటిక పక్కన, ఒక స్త్రీ పక్కన అతికించి చూపిస్తే, ఆ ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక ఉన్నాయని చూసినవాళ్లు అనుకున్నారట. లకుముకికీ అంతే. అది నిజంగా ఆ చేపనే చూసిందని ఎవరు చెప్పగలరు? చెప్పింది మన కత్తెర.

ఇది అబద్ధమా? ఆలోచించగా నేను పెట్టుకున్న గీత ఇది. ఆ పిట్ట ఆ చోట నిజంగా చేసే పనినే చూపిస్తే, వేర్వేరు రోజుల షాట్లు కలపడం తప్పు కాదు. చేయని పనిని చేసినట్టు చూపిస్తే మోసం. డిస్నీవాళ్లు 1958లో ‘వైట్ వైల్డర్‌నెస్’ తీశారు. లెమ్మింగ్ అనే చిన్న ఎలుకల గుంపు సముద్రంలోకి దూకి చనిపోతున్నట్టు అందులో చూపించారు. తీసింది కెనడాలోని అల్బర్టాలో, అక్కడ సముద్రమే లేదు. ఎలుకల్ని తెచ్చి, ఒడ్డు మీంచి నదిలోకి తోశారని తర్వాత బయటపడింది. ఆ సినిమాకి డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్ వచ్చింది. లెమ్మింగులు ఆత్మహత్య చేసుకుంటాయని ఈనాటికీ నమ్మేవాళ్లున్నారు. మన రీల్సులో పాముకీ ముంగిసకీ పెట్టే పోట్లాటలు అదే జాతివి.

శబ్దం విషయంలో ప్రపంచమంతా కొంచెం దొంగతనం చేస్తూనే ఉంది. పెద్ద లెన్సు దూరంగా ఉన్న పిట్టని దగ్గరికి తెస్తుంది గాని దాని రెక్కల చప్పుడు తేలేదు. వన్యప్రాణుల సినిమాల్లో మనం వినే అడుగుల సవ్వడి చాలావరకు స్టూడియోలో పుట్టించిందే. మనకి అంత హంగు అక్కర్లేదు. ఆవ మీద దోనె ఆపించి, అందరూ నోరు మూసుకుని రెండు నిమిషాలు ఉత్త శబ్దం రికార్డు చేసుకోండి. గాలి కొట్టకుండా మైకు దగ్గర ఓ స్పాంజి ముక్క అడ్డం పెట్టండి. ఎడిటింగ్‌లో ఆ శబ్దం కింద పరిస్తే, వేర్వేరు రోజుల షాట్లు ఒకే ఉదయంలా కలుస్తాయి. తెడ్డు చప్పుడు ముందు వినిపించి, ఒక క్షణం ఆగి దోనె చూపించండి. జె కట్ అంటే అంతే. వేణువు బదులు ఇది వాడి చూడండి.

పాత ఎడిటర్లకి ఫిల్మే క్రమశిక్షణ నేర్పింది. వెయ్యి అడుగుల 35 ఎం.ఎం. రీలు పదకొండు నిమిషాల్లో అయిపోయేది. ఎడిటింగ్‌లో అందరికంటే ఎక్కువ జాతీయ అవార్డులు అందుకున్న ఎ. శ్రీకర్ ప్రసాద్ తెలుగువాడే, ఎడిటర్ అక్కినేని సంజీవి కొడుకు. ఆయన తరం చేత్తో కోసి, అతికించి నేర్చుకుంది. ఇప్పుడు ఫోనులో చోటుకి కొదవ లేదు, డావిన్చీ రిజాల్వ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతోంది. కొరవడింది వద్దనుకునే ధైర్యమే. ఎంత కష్టపడి తీశామన్నది చూసేవాడికి అనవసరం. నడుము నొప్పి పుట్టేలా గంటసేపు వంగి తీసిన షాటైనా, కథకి అక్కర్లేకపోతే తీసి పారేయాల్సిందే.

ఇక వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు. చలికాలం వలస పిట్టల కాలం, అప్పుడే వెళ్లండి. పిట్ట మెడ ఎత్తి మీ వైపు చూసిందంటే మీరు మరీ దగ్గరికి వెళ్లారన్నమాట, దోనె వెనక్కి తీయమనండి. షాటు కోసం చప్పట్లు కొట్టి ఎగరగొట్టకండి. గూళ్ల మీద డ్రోన్ ఎగరేయకండి. రాంబిల్లి వైపు తీరంలో నౌకాదళ స్థావరం ఉంది గనక, ఆ చుట్టుపక్కల డ్రోన్ తీసే ముందు, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూసుకోవడం తప్పనిసరి. దోనె నడిపేవాళ్లతో బేరం ఆడకండి, ఎక్కడ ఏ పిట్ట వాలుతుందో వాళ్లకే తెలుసు.

అనకాపల్లి జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. శారద తూర్పు కనుమల నుంచి సముద్రందాకా ఎలా వస్తుందో, ఆవ ఏడాది పొడవునా ఎలా మారుతుందో ఇక్కడి పిల్లలే పది నిమిషాల సినిమాగా తీయొచ్చు. మన కాలేజీలు ఏడాదికోసారి ఒక సాయంత్రం తెర కట్టి వాటిని చూపిస్తే చాలు. పెద్ద ఖర్చేం కాదు. ఏ కాలేజీ ముందుకొచ్చినా, కుర్చీలు వేయడానికి నేను వస్తాను.